ఉప్పు కలపని పిండి

చెప్పుల దుకాణం పైన, ఇరుకు మెట్లు ఎక్కితే వచ్చే రెండు గదుల్లో బాబాయి వ్యాపారం. బయట బోర్డు మీద "మరిచిపోయిన పాస్‌వర్డులు తీసి ఇవ్వబడును" అని ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో "మీవి మాత్రమే" అని ఉంటుంది. ఆ రెండో ముక్క చదవకుండా పైకొచ్చి పెళ్ళాం ఫోను తెరవమనేవాళ్ళు వారానికి ఇద్దరైనా తగులుతారు. వాళ్ళు మెట్లు దిగి వీధిలో పడేదాకా బాబాయి తిడుతూనే ఉంటాడు. మిగిలినవాళ్ళు పాపం నిజంగానే మరిచిపోయినవాళ్ళు. ప్రశ్నపత్రాలకు తాళం వేసి ఆ తాళమేదో మరిచిన పంతులమ్మ, ఇళ్ళ ప్లానులన్నీ ఒక్క ఫైల్లో బిగించి రెండు వారాల సెలవు తర్వాత బుర్ర గోక్కుంటూ వచ్చిన ఇంజనీరు, అలాంటివాళ్ళు.

ఆ దుకాణంలో పదేళ్ళకు పైగా కూర్చుంటున్న మనిషిని అందరూ నిదానం అంటారు. అది పెట్టిన పేరు కాదు, పడిన పేరు. బాబాయికి అన్న కూతురు. పన్నెండేళ్ళ కిందట కళ్ళద్దాల కర్మాగారంలో రికార్డులు ఎక్కించే ఉద్యోగంలో చేరినప్పుడు రెండే వేళ్ళతో, ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ కొట్టేది. మూడో రోజుకల్లా గది గదంతా ఆమెను నిదానం అనడం మొదలుపెట్టింది. ఆ పేరు ఆమె వెంట ఇంటికొచ్చింది, పెళ్ళికొచ్చింది, కాపురానికీ వచ్చింది. ఆ కర్మాగారంలోనే అద్దాలు తనిఖీ చేసే అతన్ని పెళ్ళి చేసుకుని, పద్నాలుగు నెలల ఉద్యోగం వదిలేసి, బాబాయి దగ్గర చేరింది. ఈ పనిలో వేగం సంగతి యంత్రం చూసుకుంటుంది. మనిషికి కావలసింది ఓపిక. అది ఆమె దగ్గర బస్తాలకొద్దీ ఉంది.

ఎనిమిది నెలల కిందట ఒక మధ్యాహ్నం తనిఖీ బల్ల దగ్గరే ఆమె భర్త గుండె ఆగిపోయింది. నలభై రెండేళ్ళ మనిషి. ఆమె ఏడవలేదు. మొదటి వారం అందరూ దాన్ని ధైర్యం అన్నారు. నెల తిరిగేసరికి మొండితనం అన్నారు. ఇంట్లో ఆమెతో మిగిలిన ఒకే ఒక్క మనిషి అత్తగారు. ఆవిడ మాత్రం దాచుకోకుండా "రాయి" అంది. నిదానానికి కోపం రాలేదు. రావలసినవేవీ రావడం మానేశాయి. చెయ్యి మీద పడుకుని లేస్తే చెయ్యి మొద్దుబారినట్టు, మనిషి మొత్తం మొద్దుబారింది. చేతికైతే కాసేపటికి తిమ్మిరెక్కుతుంది, ఈమెకు అదీ లేదు. కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తుండదు, నాలుక చెప్పదు. అత్తగారు "ఉప్పు లేదు" అంటే డబ్బా ముందుకు జరుపుతుంది. "ఉప్పు కషాయం" అంటే గిన్నె వెనక్కి తీస్తుంది. తను రుచి చూసి వాదించదు.

అలాంటి రోజుల్లో కర్మాగారం నుంచి ఉత్తరం వచ్చింది. కంప్యూటర్లన్నీ మార్చబోతున్నారట. ఆ లోపు సిబ్బంది పెట్టుకున్న పాస్‌వర్డులు ఎంత గట్టివో, ఎంత గుల్లవో పరీక్షించి చెప్పమన్నారు. బాబాయి ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"ఏమే నిదానం, ఇది నేను చూసుకుంటాలే. నువ్వు పంతులమ్మ ఫైలు చూడు."

"ఎందుకు?"

"ఎందుకేమిటే, ఆయన పనిచేసిన చోటు కదా అది!"

"అయితే ఏముంది బాబాయ్. నాకేమీ అనిపించట్లేదు."

"నా భయమూ అదే," అన్నాడు బాబాయి. అయినా ఉత్తరం ఇచ్చేశాడు.

మర్నాడు జాబితా వచ్చింది. పంతొమ్మిది వందల చిల్లర వరుసలు. ఒక్కో వరుసలో ఉద్యోగి నంబరు, దాని పక్కన ముప్ఫై రెండు అక్షరాల పిచ్చిగీత. పేర్లు లేవు. పేర్లుండే జాబితా కర్మాగారం సిబ్బంది విభాగంలో, గుమాస్తా బీరువాలో ఉంటుంది. బాబాయి ఏ సంస్థతోనైనా చేసుకునే మొదటి ఒప్పందం అదే: మాటలు మా దగ్గర, మనుషులు మీ దగ్గర, రెండూ ఒక గదిలో ఉండకూడదు.

ఆ పిచ్చిగీతను హ్యాష్ అంటారు. అదేమిటని అడిగినవాళ్ళందరికీ బాబాయి చెప్పే పాఠం ఒకటే. "మీరు పాస్‌వర్డు కొడితే కంప్యూటరు దాన్ని అలాగే దాచుకోదు. పిండి పట్టించి, ఆ పిండిని దాచుకుంటుంది. రేపు మీరు మళ్ళీ కొడితే మళ్ళీ పిండి పట్టించి, ఆ పిండీ ఈ పిండీ ఒకటేనా అని చూస్తుంది. పిండి ఎవడైనా ఎత్తుకుపోయినా అందులోంచి గింజలు రావు. మరి మేమేం చేస్తామూ? లోకంలో ఉన్న గింజలన్నీ తెచ్చి, ఒక్కోటే మరలో వేసి, ఏ పిండి దీంతో సరిపోతుందో చూస్తాం. అంతకన్నా మంత్రమేమీ లేదు."

ఆ మర ఒక నల్లటి పెట్టె. గది మూలలో రొప్పుతూ, గోడకు వేడి కొడుతూ ఉంటుంది. బాబాయి దాన్ని దున్నపోతు అంటాడు. సెకనుకు ఐదు వేల కోట్ల గింజలు నమలగలదు. ఒక్కో పాస్‌వర్డు దొరికినప్పుడల్లా టంగుమని గంట కొట్టేలా ఏర్పాటు చేశాడు. వ్యాపారంలో ఆ మాత్రం సరదా లేకపోతే ఎలా అంటాడు.

జాబితా తెరిచి చూసి బాబాయి నాలుక కరుచుకున్నాడు. "ఓరి వీళ్ళ తెలివి తెల్లారా! ఉప్పు వేయలేదే!"

ఉప్పు అంటే ఈ పనివాళ్ళ మాటే. పిండి పట్టించే ముందు ఒక్కో మనిషి గింజల్లో ఒక్కో రకం ఉప్పు కలపాలి. అప్పుడు ఇద్దరు ఒకే మాట పెట్టుకున్నా పిండి వేరువేరుగా వస్తుంది. కలపకపోతే ఒకే మాటకు ఒకే పిండి. ఎవరెవరు ఒకే మాట పెట్టుకున్నారో, ఆ మాట ఏమిటో తెలియకముందే తెలిసిపోతుంది.

దున్నపోతుకు మేత వేశారు. మొదటి అరగంటలో గంట ఆగకుండా మోగింది, చివరికి బాబాయే విసుక్కుని కాసేపు దాని నోరు నొక్కేశాడు. కర్మాగారం పేరు, పక్కన ఒకటి రెండు మూడు అని పెట్టుకున్నవాళ్ళు నూట నలభై మంది. పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, సొంత ఫోను నంబర్లు. కోపంతో పైఅధికారిని తిట్టుకుంటూ పెట్టిన బూతులు పదకొండు, వాటిలో మూడు అక్షరం తేడా లేకుండా ఒకటే. సాయంత్రానికి ముప్పాతిక వంతు రాలిపోయాయి.

నిదానం తెర మీద వరుసలు కిందికి జరుపుతూ 0318 దగ్గర ఆగింది. ఆ నంబరు ఆమెకు తెలుసు. కర్మాగారం వాళ్ళు ఆయన వస్తువులు కవర్లో పెట్టి పంపినప్పుడు, ఆయన మెడలో వేసుకునే నీలం బిళ్ళ మీద చూసింది. ఆ వరుస ఇంకా విడలేదు. దాని పిండే ఇంకో వరుసలోనూ ఉంది. నంబరు 1146.

ఆమె రెండు పిచ్చిగీతలనూ ముప్ఫై రెండు అక్షరాలూ వేలితో పోల్చి చూసింది. తేడా లేదు. పిల్లల పేరో కర్మాగారం పేరో అయితే ఈపాటికి విడిపోయేది. ఎవరికీ తట్టని మాట ఏదో ఒకటి, ఇద్దరికి మాత్రమే తట్టింది. పదకొండేళ్ళ కాపురంలో తనకు తెలియని మాట ఆయన దగ్గర ఒకటుంది, అది ఇంకెవరికో తెలుసు.

ఆయన సంగతి కొంచెం చెప్పుకోవాలి. చెడ్డవాడు కాదు, మాటలు తక్కువ. రోజంతా అద్దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని గీత ఉందా, బుడగ ఉందా అని చూసే ఉద్యోగం. తప్పు కనిపిస్తే మారుమాట లేకుండా పక్క డబ్బాలో పడేయడమే. ఇంటికొచ్చాక కూడా ఆ కళ్ళు ఊరుకునేవి కావు. కర్టెను వంకర, గడియారం రెండు నిమిషాలు వెనక. ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే పద్ధతి అయితే ఆయనకు మరీ కంటకం. 'వచ్చా' అని పంపడానికి ఆమె 'సీ' అక్షరం మూడుసార్లు కొడుతుంది. ఆయన నుంచి జవాబుగా ఒక్కటే ముక్క వచ్చేది: "రెండే." భోజనం చేశావా లేదు, జాగ్రత్త లేదు. రెండే.

ఆమె మనసులో పెళ్ళికి ముందు నుంచీ ఒక ముల్లుంది. సంబంధం మాట్లాడుకుంటున్నప్పుడు అత్తగారు అందరి ముందూ కొడుకుని అడిగింది, "ఏరా, అమ్మాయి నచ్చిందా?" అని. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ "నీ ఇష్టం" అన్నాడు. అంతే. తర్వాత ఈమె ఎన్నోసార్లు, నవ్వుతూ కొన్నిసార్లు, ఏడుస్తూ ఒకసారి, అడిగింది. "ఇప్పుడెందుకవన్నీ" అనేవాడు. ఆ ఒక్క మాట వినకుండానే పదకొండేళ్ళు గడిచాయి. ఇప్పుడు అడగడానికి మనిషే లేడు. ఆ మాట ఆయన ఇంకెవరికైనా ఇచ్చాడేమో అన్న అనుమానం 1146 రూపంలో తెర మీద కూర్చుంది.

చిత్రమేమిటంటే ఆమెకు అసూయ కూడా పుట్టలేదు. నిజం చెప్పాలంటే, అలా అయితే బాగుండునని కూడా అనిపించింది. ఆయనకు ఇంకొకరు ఉండి ఉంటే, తన కళ్ళు ఎండిపోవడానికి ఒక కారణం దొరుకుతుంది. ఒంటికి ముందే తెలిసిపోయి ఏడుపు ఆపుకుందని సర్దిచెప్పుకోవచ్చు. రాయి అన్న మాట తన మీద నుంచి దిగిపోతుంది.

ఇంకొకరు అనగానే ఆమెకు తట్టిన ముఖం ఒకటే. పూత విభాగంలో, అద్దాలకు పైపూత వేసే చోట పనిచేసే ఆవిడ. ఆయన పోయిన రోజు ఇంటికొచ్చి, గోడకు ఆనుకుని, ఎవరూ ఆపలేనంతగా ఏడ్చింది. ఆవిడ వెళ్ళాక అత్తగారు పెదవి విరిచింది: "పోయింది మనింటి మనిషా, వాళ్ళింటి మనిషా?"

రెండు రోజులు నిదానం ఆ రెండు వరుసల మీదే పడింది. పెళ్ళి తేదీ, ఆయన పుట్టిన తేదీ, అత్తగారి పేరు, ఆయన ఎక్కే బస్సు నంబరు, అద్దాల కొలతలు, పూత మందుల పేర్లు. ఎనిమిది అక్షరాల లోపు ఎన్ని కలయికలున్నాయో అన్నీ దున్నపోతు నమిలి ఊసేసింది. తొమ్మిది దాటితే నెలలు పడుతుంది. పంతొమ్మిది వందల మందిలో పద్దెనిమిది వందల మంది లొంగారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఈ జంట మాత్రం కదల్లేదు.

బాబాయి వెనక నుంచి చూశాడు. "ఒక్క వరుస వెంట పడకూడదని నీకు నేర్పింది ఎవరే?"

"నువ్వే."

"పడితే ఏమవుతుందన్నాను?"

"కంచే చేను మేసినట్టు అవుతుందన్నావు."

"మరి?"

"రెండు వరుసలు, బాబాయ్. ఒకటి కాదు."

బాబాయికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. 0318 ఎవరిదో బాబాయీ ఊహించాడు. టీ తేవడానికి మెట్లు దిగాడు.

మూడో రోజు కర్మాగారానికి వెళ్ళవలసి వచ్చింది. పాస్‌వర్డు నియమాల పత్రం ఇంకా చేతికి అందలేదు. పొడుగాటి వరండా, సబ్బునీళ్ళ వాసన, లోపల అద్దాలు అరగదీసే యంత్రాల సన్నటి కూత. పన్నెండేళ్ళ కిందట తను కూర్చున్న గదిలో ఇప్పుడు అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆమె ఆగి చూసింది. ఏమీ అనిపించలేదు.

వరండా చివర పూత విభాగం ఆవిడ ఎదురైంది. నిదానం మొదట చూసింది ఆవిడ ముఖాన్ని కాదు, మెడలోని బిళ్ళని. 0977.

"వదినా!" అంటూ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "నేనే మీ ఇంటికి రావాలనుకుంటున్నా. ఆ రోజు చెబుదామనే వచ్చా, చెప్పలేక ఏడుస్తూ కూర్చున్నా. అన్నయ్య పడిపోయినప్పుడు ఛాతీ నొక్కింది నేనే వదినా. అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నా. లోపల ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఇంకొంచెం నెమ్మదిగా నొక్కి ఉండాల్సిందేమో. మీరేమనుకుంటారో అని ఇన్నాళ్ళూ..."

"అలా గట్టిగానే నొక్కాలటండీ," అంది నిదానం. "నెమ్మదిగా నొక్కితే లాభం లేదట." తన గొంతు ఎవరో చదివి వినిపిస్తున్నట్టుగా ఉంది. ఆవిడ ముఖం కంటే ముందు బిళ్ళ చూసినందుకు సిగ్గుపడాలని తెలుసు. ఆ సిగ్గు కూడా ఎక్కడో దూరంగా, పక్కింట్లో మోగే ఫోనులా ఉంది.

అనుమానానికి ముఖం ఉన్నంతసేపు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. 1146 ఎవరో కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు. గుమాస్తాని అడిగితే బీరువా తీసి చెప్పేస్తాడేమో. ఆమె అడగలేదు. బాబాయి దగ్గర పదేళ్ళ ఉప్పు తింది.

ఐదో రోజు పొద్దున ఆమె ఆ జంటను పక్కన పెట్టి, మిగిలిన వంద వరుసల పని చూడసాగింది. మామూలు తెలుగు మాటలను జనం ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని వంకర్లతో రాస్తారో అన్నీ సూత్రాలుగా రాసి యంత్రానికి నేర్పాలి. 'త'కు ఒకరు హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు. దీర్ఘానికి ఒకరు ఏ రెండుసార్లు కొడతారు, ఒకరు ఒక్కసారే. ఇలా అరవై సూత్రాలు. మధ్యాహ్నం భోజనం డబ్బాలు తెచ్చి, కింద వీధిలో ఉన్న బాబాయికి ఫోన్లో 'తెచ్చా' అని కొట్టి పంపింది. బాబాయి ఫోను చూసుకుంటూ, నవ్వుకుంటూ పైకొచ్చాడు.

"ఒసేయ్, అరవై సూత్రాలు రాశావు గానీ నీది రాశావా? 'తెచ్చా'కి మూడు సీలు కొట్టే మనిషి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. నీలాంటి ఇంకో మహాతల్లి ఆ ఫ్యాక్టరీలో ఉందేమో, ఎవరు చూడొచ్చారు!"

ఆమె డబ్బా మూత తీయబోతున్నదల్లా ఆగి, అరవై ఒకటో సూత్రం రాసింది: ఒత్తు ఉన్న చోట ఒక అక్షరం అదనం. చివర ఒక అంకె. మీట నొక్కి, మళ్ళీ డబ్బా మూత మీద చెయ్యి వేసింది.

నాలుగు నిమిషాలు. టంగ్. వెంటనే ఇంకోసారి, టంగ్.

తెర మీద రెండు వరుసలు పచ్చగా వెలిగాయి. 0318. 1146. వాటి పక్కన ఒకే మాట. ఎన్, ఏ, సీ, సీ, సీ, హెచ్, ఐ, ఎన్, డి, ఐ. చివర ఎనిమిది.

నచ్చింది.

ఆమె అక్షరాల్ని వేలితో లెక్కపెట్టింది. మూడు సీలు. మూడే.

అప్పుడు గుర్తుకొచ్చింది. ఈ పదేళ్ళలో లక్షల పాస్‌వర్డులు ఆమె చేతుల మీదుగా పోయాయి. వాటి కింద ఎక్కడో ఆమె మొదటి పాస్‌వర్డు కూరుకుపోయింది, ఆనాటి బిళ్ళ మీది నంబరూ దానితోనే పోయింది. కర్మాగారంలో మొదటి రోజు, సోమవారం పొద్దున. తెర మీద "కొత్త పాస్‌వర్డు పెట్టండి, కనీసం 8" అని వచ్చింది. ఏం చెయ్యాలో తోచలేదు. పనికిరాని అద్దాల డబ్బా నమోదు చేయించడానికి వచ్చిన సన్నటి మనిషి ఒకడు పక్కన నిలబడి ఉంటే, అతన్నే అడిగింది.

"ఏం పెట్టాలండీ?"

"మీకు నచ్చింది పెట్టుకోండి."

ఆమె వంగి, రెండు వేళ్ళతో, అంతా వెతుక్కుంటూ, అదే కొట్టింది. తెర అంకె కూడా కావాలంటే, అది చూపిస్తున్న ఎనిమిదే పెట్టేసింది. "పెట్టానండీ. నచ్చింది ఎనిమిది," అంది. అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని డబ్బాలో అద్దాలు గలగలలాడేలా నవ్వాడు. "ఎలా రాశారు?" అని అడిగితే అక్షరం అక్షరం చెప్పింది. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని ఆ పొద్దు ఆమెకు ఇంకా తెలియదు.

"సీలు మూడెందుకండీ?"

"చ కింద ఒత్తుంది కదండీ. చకి ఒకటి, ఒత్తుకి ఒకటి, హెచ్ పక్కన ఒకటి."

"రెండే చాలు," అన్నాడు అతను.

ఆయన ఆమెతో అన్న మాటల్లో అది మూడో నాలుగో మాట. తర్వాత పదకొండేళ్ళూ అంటూనే ఉన్నాడు. రెండే, రెండే అని. అన్న మనిషి పొద్దున్నే తనిఖీ గదిలో కూర్చుని, కంప్యూటరు ముందు మూడు కొట్టేవాడు. గీత కనిపిస్తే అద్దాన్ని పడేసే మనిషి, ఆమె చేసిన తప్పును రోజూ అక్షరం పోకుండా చేశాడు.

బాబాయి ఆమె భుజం మీదుగా చూశాడు. ఆ రాతను పోల్చుకోవడానికి అతనికి ఏ బీరువా అక్కర్లేకపోయింది.

"నీదేనా?" అన్నాడు.

"నాదే. మానేసినా తీసెయ్యలేదన్నమాట వాళ్ళు."

"ఆయనది?"

"అదీ నాదే," అంది నిదానం.

ఆమె డబ్బా మూత తీసి భోజనం చేసింది. ఏం తిన్నదో అడిగితే చెప్పలేకపోయేది. తర్వాత నివేదిక రాసింది, విడిపోయిన మాటల జాబితాను పద్ధతి ప్రకారం తుడిచేసింది, నంబర్లు మాత్రం ఉంచింది.

మర్నాడు కర్మాగారంలో గుమాస్తా ఆ నంబర్లను తన పేర్ల పుస్తకంతో సరిచూస్తూ, తీసివేయవలసిన పాత ఖాతాలు ఒక్కొక్కటే చదివాడు. 1146 దగ్గర కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఇదేమిటమ్మా, ఇది మీరే! మానేసి ఇన్నేళ్ళయినా మా కంప్యూటరు మిమ్మల్ని ఇంకా ఉద్యోగంలోనే ఉంచుకుందే!"

"తెలుసండీ. చివరిసారి ఎప్పుడు మార్చారో అందులో ఉంటుందా?"

"ఉంటుంది. మీది... పన్నెండేళ్ళ కిందట, సోమవారం, పొద్దున పదిన్నరకు. ఇంక మార్చనే లేదు."

"0318?"

గుమాస్తా ఆ పేరు మీద వేలు పెట్టాడు. "ఆయనది... అదే సోమవారమమ్మా. సాయంత్రం ఐదుంబావు. ఆయనా మళ్ళీ మార్చలేదు. మూడు నెలలకోసారి మార్చుకోండని నోటీసు బోర్డులో మొత్తుకుంటాం, ఎవరు వింటారు!"

ఐదుంబావు అంటే పని దిగే వేళ. పొద్దున్న చూసిన పిల్ల. సాయంత్రానికి ఆయన తేల్చుకున్నాడు. ఎవరూ అడగకముందే జవాబు రాసుకున్నాడు. అందరూ కూర్చుని అడిగిన రోజున మాత్రం కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"రెండూ తీసెయ్యమంటారా?" అన్నాడు గుమాస్తా.

"తీసెయ్యండి," అంది. అతను మీట నొక్కేదాకా కూర్చుని చూసింది. ఎంతోసేపు పట్టలేదు. రెండు వరుసలు పోయాయి, కింద ఉన్నవి పైకి జరిగాయి.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారికి వడ్డించి, తనూ పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. దొరికిన మాటలు దుకాణం దాటకూడదని నియమం. కానీ ఇది తన మాటే. తన మాట తను చెప్పుకోవచ్చు.

"అత్తయ్యా, అప్పట్లో మీరు ఆయన్ని అడిగారు గుర్తుందా? అమ్మాయి నచ్చిందా అని."

"ఎందుకు గుర్తులేదు? నీ ఇష్టం అన్నాడు. అందరి ముందూ నా పరువు తీశాడు."

"నచ్చిందట."

అత్తగారి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "ఎవరన్నారు?"

"ఆయనే. ఆఫీసు కంప్యూటర్లో పెట్టుకున్నారు. నేను చేరిన మొదటి రోజు సాయంత్రమే. రోజూ పొద్దున్నే కొట్టేవారు. నేను రాసినట్టే, తప్పుతో సహా."

"మొద్దు వెధవ," అంది అత్తగారు. "అడిగినప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నాడు? పన్నెండేళ్ళు పట్టిందా వాడికి ఆ ఒక్క ముక్క చెప్పడానికి? కంప్యూటరుకి చెప్పాడట, కంప్యూటరుకి! పెళ్ళానికి చెబితే అరిగిపోతాడా?" తిడుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "తిను, చల్లారిపోతుంది."

నిదానం ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం ఆపింది.

"ఉప్పు లేదత్తయ్యా," అంది. ఆ రెండు ముక్కలూ పూర్తి కాకముందే ఏడుపు వచ్చేసింది. నోట్లో ముద్ద ఉందనీ, చెయ్యి ఎంగిలిదనీ చూడకుండా, చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది.

"ఎనిమిది నెలలుగా నేను మొత్తుకుంటున్నది అదే కదే," అంటూ అత్తగారు ఉప్పు డబ్బా ఆమె వైపు జరిపింది.